కాశీ, గయ, ప్రయాగ: రెండు యాత్రలు, ఇద్దరు ఏజెంట్లు

నాన్న పోయి ఏడాది నిండాక గయలో పిండం పెట్టి రావాలని అమ్మ పట్టుబట్టింది. అటువైపు మా ఇంట్లో ఎవరికీ దారి తెలియదు, హిందీ కూడా అంతంతమాత్రం. అందుకే 2022లో హనుమకొండలో ఒక టూర్ ఏజెంటు దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ 2024లో ఇంకొకాయనతో అవే ఊళ్ళు, వాటితో పాటు అయోధ్య కూడా తిరిగి వచ్చాం. రెండుసార్లూ ఇంచుమించు ఒకే దారి, ఒకే గుళ్ళు. అనుభవాలు మాత్రం చాలా వేరు. పెద్దవాళ్ళను తీసుకుని బయలుదేరే వాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదటి ఏజెంటు చాలా మర్యాదగా మాట్లాడాడు. అమ్మ, అత్తయ్య, మా ఆవిడ, నేను. ఆరు రోజులు, మనిషికి 23,500. గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో హోటల్, గంగలో బోటు, వీఐపీ దర్శనం, గయలో పిండప్రదానం, సొంతంగా ఒక కారు. ఏది అడిగినా "అన్నీ ఇందులోనే సార్, మీరు టెన్షన్ పడకండి" అనేవాడు. ఆ మాట విని నేను నిజంగానే నిశ్చింతగా ఉన్నాను. ఒక్క కాగితం మీద కూడా ఏది ఉంది, ఏది లేదు అని రాయించుకోలేదు.

కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పుడే మొదటి ఇబ్బంది. 68 ఏళ్ళ అమ్మకు మిడిల్ బెర్తు, అత్తయ్యకు అప్పర్. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు ప్రయాణం. చుట్టుపక్కల వాళ్ళను బతిమాలి ఒక లోయర్ సంపాదించాను. అమ్మ, అత్తయ్య దాని మీద వంతులవారీగా పడుకున్నారు. ఫోన్ చేస్తే "రైల్వే వాళ్ళు ఇచ్చేదే సార్, మన చేతిలో ఏముంది" అన్నాడు. మన చేతిలో ఉందని రెండేళ్ళ తర్వాత తెలిసింది.

మొఘల్‌సరాయ్‌లో దిగాం. 2018లో స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ్ జంక్షన్ అని మారినా, ఆటోవాళ్ళు ఇంకా పాత పేరే పిలుస్తున్నారు. కారు సమయానికి వచ్చింది. హోటల్ శుభ్రంగా ఉంది, వేడి నీళ్ళు వచ్చాయి. కానీ అది సారనాథ్ దారిలో ఉంది. విశ్వనాథుడి గుడి అక్కడికి దాదాపు పది కిలోమీటర్లు. గొదౌలియా కూడలి దాటాక కార్లను పోనివ్వరు. అంటే ప్రతిసారీ ట్రాఫిక్‌లో గంట, ఆ తర్వాత ఆ ఇరుకు బజారులో నడక. కాశీలో గొదౌలియాకు దగ్గరగా ఉన్న మామూలు గది, దూరంగా ఉన్న మంచి హోటల్ కంటే పెద్దవాళ్ళకు వందరెట్లు మేలు. తెల్లవారుజామున గంగ దగ్గరికి వెళ్ళి వచ్చి కాసేపు నడుం వాల్చే వీలు ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో అమ్మకు ఆ వీలు ఒక్కసారి కూడా దొరకలేదు.

ఇక బోటు. మేం వెళ్ళింది ఆగస్టు చివరి వారం. గంగ పొంగి ఘాట్ల మెట్లన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు నడిచే దారే లేదు. దశాశ్వమేధ ఘాట్‌లో హారతి పక్కనున్న మేడ మీద ఇస్తున్నారు. పడవలన్నీ ఆపేశారు. శ్రావణ భాద్రపదాల్లో గంగ ఇలా పెరగడం కాశీలో వింతేమీ కాదు. ఏటా యాత్రలు నడిపేవాడికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ మా దగ్గర బోటుకు డబ్బు తీసుకున్నాడు. "వరద తగ్గాక వెళ్దాం అత్తమ్మా" అని మా ఆవిడ అమ్మను ఓదార్చింది. ఆ డబ్బు ఇప్పటికీ తిరిగి రాలేదు.

వీఐపీ దర్శనం అన్నది ఏమిటో కూడా చెప్పాలి. ఒక కుర్రాడు వచ్చి మమ్మల్ని కౌంటర్‌కు తీసుకెళ్ళి సుగమ దర్శనం టికెట్లు కొనిచ్చాడు. అది దేవాలయ ట్రస్టు ఎవరికైనా అమ్మే టికెట్. ఇంట్లో కూర్చుని వాళ్ళ వెబ్‌సైట్‌లో కూడా కొనుక్కోవచ్చు. దాని మీద రాసిన ధరకు మేం కట్టినది కొన్ని రెట్లు ఎక్కువ. దర్శనం మాత్రం కడుపునిండా అయింది. 2021 డిసెంబరులో కారిడార్ ప్రారంభించాక గుడి చుట్టూ జాగా బాగా పెరిగింది. అమ్మ పెళ్ళయిన కొత్తలో నాన్నతో వచ్చినప్పుడు మనిషి పట్టనంత సందులోంచి వెళ్ళిందట. ఇప్పుడు ఆ ఆవరణలో ఒక మూల కూర్చుని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

గయ సంగతి రాయాలంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. ఉదయం నాలుగింటికి బయలుదేరి పదింటికి చేరాం. అదే రోజు తిరిగి రావాలని ఏజెంటు ప్లాన్. అతను కుదిర్చిన మనిషి మమ్మల్ని ఒక వసారాలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టించాడు. మా గోత్రం పేరు మూడుసార్లు చెప్పినా సరిగ్గా పలకలేదు. ఫల్గు నది దగ్గర, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం దగ్గర విడివిడిగా పెట్టాల్సిన పిండాలను ఒక్కచోటే కానిచ్చేద్దాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు పని ఆపేసి, "ఇప్పటిదాకా అయింది సామాను ఖర్చే, బ్రాహ్మణ దక్షిణ వేరు, 11,000 ఇస్తే విష్ణుపాదానికి వెళ్దాం" అన్నాడు. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చేతిలో పిండి ముద్దలు, ఎదురుగా దర్భలు, నాన్న పేరు సగంలో ఆగిపోయి ఉంది. "ఇచ్చెయ్ బిడ్డా, మీ నాన్న పని ఆగొద్దు" అంది అమ్మ. బేరమాడలేని చోట కూర్చోబెట్టి బేరమాడించారు. 7,000 ఇచ్చాను. నలభై నిమిషాల్లో అంతా అయిపోయిందన్నారు.

మెట్ల మీద కూర్చుని అమ్మ ఏడుస్తుంటే మా డ్రైవర్ చూశాడు. కాశీ మనిషి, నలభై ఏళ్ళు ఉంటాయి. తెలుగు యాత్రికులను తిప్పి తిప్పి "నీళ్ళు", "భోజనం", "నిదానంగా" అన్న మాటలు నేర్చుకున్నాడు. ఏం జరిగిందో నా విరిగిన హిందీలో చెప్పాను. "మాతాజీ, ఈ రాత్రి ఇక్కడే ఉందాం, రేపు మంచిగా చేయిస్తాను" అన్నాడు. ఏజెంటుకు తానే చెప్పుకుంటానన్నాడు. ఒక ధర్మశాలలో మాకు గది ఇప్పించి, తను కారులో పడుకున్నాడు. మర్నాడు తెల్లవారేసరికి తెలుగు తెలిసిన పురోహితుడు ఒకాయన వచ్చారు. సామగ్రి, దక్షిణ అన్నీ కలిపి 6,500 అని, దానిపైన ఎక్కడా ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదని ముందే చెప్పారు. ఫల్గులో, విష్ణుపాదంలో, చివరికి అక్షయవటం కింద, మూడు చోట్లా నిదానంగా చేయించారు. నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు ఒక్కొక్కటీ స్పష్టంగా పలికారు. అక్షయవటం దగ్గర ఇష్టమైనది ఒకటి వదిలేయాలంటే నేను సీతాఫలం వదిలాను. చలికాలంలో నాన్న ఆఫీసు నుంచి వస్తూ తువ్వాలులో మూట కట్టి తెచ్చేవాడు. మళ్ళీ తినలేదు.

ఆ డ్రైవర్‌ను మాకు ఇచ్చింది కూడా ఆ ఏజెంటే. ఆ ఒక్క మాట అతని పక్షాన చెప్పాలి. కానీ తర్వాత తెలిసిందేమిటంటే, గయలో ఆ అదనపు రాత్రికి డ్రైవర్‌కు బత్తా కూడా ఇవ్వలేదట. మేమే పంపించాం.

వరద వల్ల ప్రయాగలో సంగమం దాకా వెళ్ళలేకపోయాం. ఒడ్డు నుంచే నీళ్ళు చల్లుకుని వచ్చేశాం.

రెండో యాత్రకు కారణం అమ్మే. "గంగలో పడవ ఎక్కనే లేదు" అని అప్పుడప్పుడూ అనేది. పిన్ని, బాబాయి కూడా వస్తామన్నారు. కరీంనగర్ వైపు రిటైరైన ఒక మాస్టారు ఏడాదికి రెండు మూడుసార్లు ముప్పై మందిని తీసుకెళ్తారని, వంటవాళ్ళను వెంట పెట్టుకుని పోతారని ఎవరో చెబితే 2024 ఫిబ్రవరి మొదట్లో ఫోన్ చేశాను. వచ్చే వారమే వెళ్దామా అని అడిగాను. వద్దన్నారు. "జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ అయింది సార్, ఇప్పుడు అక్కడ పెద్దవాళ్ళను నిలబెట్టలేం. ఆ తర్వాత ఎండలు. జులై నుంచి సెప్టెంబర్ దాకా గంగ చెప్పినట్టు వినదు. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, గదులకు అడిగినంత ఇవ్వాలి. జనవరిలో కుంభమేళా. అందుకే నవంబర్ 20 దాటాక రండి." వచ్చే డబ్బును పది నెలలు వెనక్కి నెట్టిన ఏజెంటును నేను అప్పుడే చూశాను.

డబ్బు అడగక ముందే ఆయన అడిగిన ప్రశ్నలు ఇవి: అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నాయా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, బీపీ మాత్రలు ఏ వేళకు వేసుకుంటారు, ఉల్లిపాయ తింటారా. ఆ తర్వాత వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పంపారు. అందులో ఏవి ఉంటాయో నాలుగు లైన్లు, ఏవి ఉండవో పది లైన్లు. వీఐపీ దర్శనం ఉండదు, కావలసినవాళ్ళు సుగమ దర్శనం టికెట్ సొంతంగా కొనుక్కోవాలి. గయలో పురోహితుడికి మీరే నేరుగా ఇవ్వాలి, ఎంతన్నది ఇప్పుడే చెబుతాను. ప్రయాగలో ఉండే సత్రంలో వెస్టర్న్ టాయిలెట్ లేదు, మడత కుర్చీ తెచ్చుకోండి. థర్డ్ ఏసీ రైలుతో కలిపి మనిషికి 19,800.

బెర్తుల రహస్యం ఆయన దగ్గరే తెలిసింది. రైల్వేలో 60 దాటిన మగవాళ్ళకు, 45 దాటిన ఆడవాళ్ళకు లోయర్ బెర్తుల కోటా ఉంది. ఆ కోటా ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే వర్తిస్తుంది. ముగ్గురు నలుగురిని, చిన్నవాళ్ళను కలిపి ఒకే టికెట్ తీస్తే కంప్యూటర్ ఆ కోటా చూడదు. మొదటిసారి మా నలుగురికీ ఒకే టికెట్ తీశారు. మాస్టారు అమ్మకూ పిన్నికీ కలిపి ఒకటి, నాకు వేరుగా ఒకటి తీశారు. ఇద్దరికీ లోయర్ వచ్చింది.

ఈ యాత్రలో లోపాలు లేవని కాదు. మాస్టారిది బడి క్రమశిక్షణ. తెల్లవారుజామున మూడింటికే తలుపులు కొట్టేవారు. సారనాథ్‌కు గంట కూడా ఇవ్వలేదు, నాకు అది చాలా వెలితిగా ఉండిపోయింది. అయోధ్యలో ఫోన్లు లాకర్‌లో పెట్టి వచ్చేసరికి బాబాయి పది నిమిషాలు ఆలస్యమైతే అందరి ముందు గట్టిగా అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ముప్పై మందిని నడిపించడం కష్టమే, కానీ ఆ మాట పక్కకు పిలిచి అనాల్సింది. ఆ సంగతి ఆయనకే చెప్పాను. రాత్రి బాబాయి దగ్గరికి వచ్చి కూర్చుని, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి మాట్లాడి వెళ్ళారు.

గయలో ముందు చెప్పిన గదులు దొరకలేదు. హాల్లో పరుపులు వేసి పడుకోబెట్టారు. ఎవరూ అడగకముందే తిరుగు రైల్లో మనిషికి 700 చొప్పున కవర్లలో పెట్టి ఇచ్చారు.

అమ్మ పడవ ఎక్కింది. దశాశ్వమేధం నుంచి అస్సీ దాకా, లైఫ్ జాకెట్ వేసుకుని, పొద్దున్నే. మానసరోవర ఘాట్ దగ్గర మాస్టారు ఆంధ్రాశ్రమం చూపించారు. కేదార ఘాట్ ఎర్ర తెల్ల చారల గోడలు, ఆ తర్వాత హరిశ్చంద్ర ఘాట్. అక్కడ రెండు చితులు కాలుతున్నాయి. అమ్మ చేతులు జోడించింది. పడవ దిగేదాకా ఏమీ మాట్లాడలేదు.

ప్రయాగలో అప్పటికే కుంభమేళా కోసం గంగ మీద పీపాల వంతెనలు కడుతున్నారు. పడవవాళ్ళతో రేటు ముందే మాట్లాడి ఉంచారు కాబట్టి సంగమం మధ్యలో ఎవరూ చేయి చాపలేదు. పిన్ని, బాబాయి వేణీదానం చేశారు. బాబాయి వణికే వేళ్ళతో పిన్ని జడ అల్లి, కొస కొంచెం కత్తిరించి నీళ్ళలో వదిలాడు. పక్క పడవలో కూర్చుని అమ్మ వాళ్ళనే చూస్తోంది. నేను అమ్మ చేయి పట్టుకున్నాను.

అక్కడ పట్టిన గంగ చెంబు సీలు తీయకుండా మా దేవుడి గదిలో ఉంది. దాన్ని రామేశ్వరం తీసుకెళ్ళి స్వామికి అభిషేకం చేయించాలి, అప్పుడే కాశీయాత్ర పూర్తయినట్టు అంటుంది అమ్మ. మొన్న సంక్రాంతి తర్వాత మాస్టారికి ఫోన్ చేసి, అడ్వాన్సు ఎంత పంపమంటారని అడిగాను.

"ఆ వైపు నేను రెండుసార్లే పోయిన సార్, అక్కడ నాకు మనుషులు లేరు. అమ్మగారిని నేను తీసుకుపోలేను" అన్నారు. అడ్వాన్సు తీసుకోలేదు. మదురైలో తెలిసిన ఒకాయన నంబరు ఇస్తానని, ముందు ఆయనతో తాను మాట్లాడి చూస్తానని చెప్పి, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు.