డేకేర్ రివ్యూ: మా బాబు రోడ్డు మీదికి వెళ్లిన సంగతి మాకు ఇస్త్రీ తాత చెప్పాడు

రేటింగ్: 5కి 1.

కొండాపూర్‌లో ఒక డేకేర్ గురించి రాస్తున్నాను. ఎనిమిది నెలలు మా బాబును అక్కడ ఉంచాం. వాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం, అది తేలేదాకా పేరు బయటపెట్టను. అయినా పిల్లల్ని డేకేర్‌లో వేసేవాళ్లకు ఆ పేరు కంటే ఏం జరిగిందో, జరిగాక ఏం చేయాలో తెలియడం ఎక్కువ అవసరం అనిపించి రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెప్తాను. భోజనం బాగుండేది, కిచిడీ, పప్పన్నం వేడిగా పెట్టేవాళ్లు. వంట చేసే ఆవిడకు పిల్లలందరి పేర్లూ తెలుసు, ఎవరికి ఏది పడదో కూడా తెలుసు. చిన్నపిల్లలకు పల్లీలు గొంతులో అడ్డం పడతాయని ఒక్కసారి చెప్పాను, ఆ తర్వాత మా వాడి ఉప్మాలో ఒక్క పల్లీ కూడా లేకుండా ఏరి పెట్టేది. ఆ ఒక్క స్టార్ ఆవిడదే.

ఫీజు నెలకు 14,000, అడ్మిషన్‌కు 10,000, డిపాజిట్ ఇంకో 10,000. చూడటానికి వెళ్లిన రోజు గోడల మీద బొమ్మలు, మెత్తటి మ్యాట్లు, అన్నిటికంటే ఫోన్‌లో చూసుకునే లైవ్ కెమెరా యాప్ మాకు నచ్చేశాయి. ఆఫీసులో మీటింగ్‌ల మధ్య ఆ యాప్ తెరిచి వాడు ఆడుకుంటుంటే చూసుకునేదాన్ని. అందులో హాలు, ఆట గది మాత్రమే కనిపిస్తాయి, వరండా, గేటు కనిపించవు. మధ్యాహ్నం 12:30 నుంచి 2:30 దాకా పిల్లలు పడుకునే టైమ్ అని యాప్ ఆపేస్తారు. ఇవన్నీ మొదటి రోజే చెప్పారు, మేం సరే అన్నాం. ఆ రెండు గంటలు లోపల ఎంతమంది పెద్దవాళ్లు ఉంటారని అడగాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం బాబును ఎత్తుకుని బయటికి వస్తుంటే ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే తాత పిలిచాడు. "అమ్మా, గీ పిలగాడు మీ బాబేనా? మొన్న మంగళారం గేటు దాటి బయటికొచ్చిండు. బండ్లొస్తున్నయ్, నేనే ఎత్తుకొని లోపలిచ్చిన" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు, ఇంకో పిల్లాడేమో అనుకుని మళ్లీ అడిగాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, చెప్పుల్లేకుండా, చేతిలో స్పూన్ పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడట. వాటర్ క్యాన్ వేసే అబ్బాయి గేటు వేయకుండా వెళ్లిపోయాడు, తాత వీడిని తీసుకెళ్లి బెల్ కొడితే గానీ పిల్లాడు లేడన్న సంగతి లోపల ఎవరికీ తెలియలేదు. రెండేళ్ల నాలుగు నెలల పిల్లాడు. ఆ రోడ్డు మీద రోజంతా నీళ్ల ట్యాంకర్లు తిరుగుతుంటాయి. ఆ రాత్రి నేను పడుకోలేదు, వాడి పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

ఆ మంగళవారం సాయంత్రం వాళ్లు నాకు పంపిన మెసేజ్ ఇప్పటికీ ఫోన్‌లో ఉంది: బాబు బాగా తిన్నాడు, బాగా పడుకున్నాడు.

నా కోపమంతా ఆ మెసేజ్ మీదే. గేటు తెరిచి ఉండిపోవడం ఎక్కడైనా జరగొచ్చు, మా ఇంట్లోనూ జరగొచ్చు, అది నేను ఒప్పుకుంటాను. కానీ మంగళవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దునా సాయంత్రం నా మొహం చూసి నవ్వుతూ, ఇన్‌ఛార్జ్ మేడమ్‌కు తెలిసి, ఓనర్‌కు తెలిసి, ఆయమ్మలందరికీ తెలిసి నాకు మాత్రం చెప్పకుండా ఉన్నారు. అందరూ కూర్చుని అనుకుంటేనే అది అవుతుంది. ఇది దాచినవాళ్లు ఇంకేం దాచారో అన్న అనుమానం ఒకసారి మొదలైతే ఇక ఆగదు, నవంబర్‌లో వాడి నుదుటి మీద కనిపించిన బొప్పి కూడా గుర్తొచ్చింది, అప్పుడు ఆడుకుంటూ పడ్డాడంటే నమ్మేశాను.

శనివారం నేనూ మా ఆయనా వెళ్లాం. ఓనర్ మేడమ్ మొదటి మాట, "మీకు అనవసరంగా టెన్షన్ ఎందుకని చెప్పలేదండీ, బాబుకి ఏమీ కాలేదు కదా." గేటు కెమెరా రికార్డింగ్ చూపించమన్నాం. టెక్నీషియన్ ఊళ్లో లేడు, సోమవారం రమ్మన్నారు. సోమవారం ఫోన్ చేస్తే సాయంత్రం అన్నారు, మంగళవారం ఎత్తలేదు, బుధవారం చెప్పారు, హార్డ్‌డిస్క్‌లో ఏడు రోజులే ఉంటుందట, దాని మీద కొత్తది ఎక్కేసిందట. మేం చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే, అంతా ఫోన్‌లోనే అడిగాం. శుక్రవారం రాత్రే ఒక మెయిల్ పెట్టి, ఫలానా తేదీ ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఉన్న రికార్డింగ్ చెరిగిపోకుండా భద్రపరచండి, కాపీ ఇవ్వండి అని రాసి ఉంటే, అది పోయాక వాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. మీకు ఎప్పుడైనా ఇలాంటిది ఎదురైతే, గొడవ తర్వాత, ముందు ఆ మెయిల్ పెట్టండి. 2016లో నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో పది నెలల పాపను డేకేర్ ఆయా కొట్టిందన్న సంగతి తేలింది రికార్డింగ్ దొరకబట్టే. అది లేకపోతే పాప తనంతట తనే పడిందనేవాళ్లు.

వాళ్లు చేసింది ఒకటుంది, ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న ఆయమ్మను పనిలోంచి తీసేశారు. "యాక్షన్ తీసుకున్నామండీ" అని మెసేజ్ పెట్టారు. నేను ఆ ఆయమ్మతో మాట్లాడాను. ఆ రోజు పిల్లలు పదిహేడు మంది, పెద్దది ఆమె ఒక్కతే, రెండో ఆమెను పాల ప్యాకెట్లు తెమ్మని ఇన్‌ఛార్జే బయటికి పంపింది. ఒక పాపకు వాంతి అయితే బాత్రూమ్‌కు తీసుకెళ్లింది, ఆ పది నిమిషాల్లో మా వాడు లేచి బయటికి వెళ్లాడు. "నేను మీకు చెప్దామంటే వద్దన్నరక్కా" అని ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. పదిహేడు మందిని ఒక్క మనిషి మీద వదిలేసింది ఓనర్, ఉద్యోగం పోయింది ఆమెది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో క్రెష్‌లకు, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోట్లకు, కనీస మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో మూడేళ్ల లోపు పిల్లలు పది మందికి ఒక శిక్షణ పొందిన మనిషి ఉండాలని ఉంది. అవి ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద ఆఫీసులు పెట్టే క్రెష్‌ల కోసం రాసినవి, కానీ ఏ డేకేర్‌లోనైనా అడగడానికి ఆ లెక్క చాలు. చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థ క్రెష్ సదుపాయం ఇవ్వాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. నా ఆఫీసులో నేను దీని గురించి ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను.

పిల్లాడి విషయంలో ఒక మాట. ఆ శుక్రవారం రాత్రి నేను వాణ్ని పదిసార్లు అడిగాను, గేటు ఎవరు తీశారు, ఆంటీ కొట్టిందా, భయం వేసిందా అని. మా అమ్మ ఖమ్మం నుంచి ఫోన్‌లో వింటూ గట్టిగా తిట్టింది, "వాడేమన్నా దొంగా, పోలీసులా అడుగుతున్నావు" అని. అమ్మ అన్నది నిజమే. చిన్నపిల్లలు మన మొహం చూసి, మనకు ఏది కావాలో అది చెప్పేస్తారు, తర్వాత నిజంగా అవసరమైనప్పుడు వాళ్ల మాటకు బలం ఉండదు. ఒకసారి మామూలుగా అడిగి, వాడు అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకుని వదిలేయాలి. ఒంటి మీద దెబ్బలుంటే స్నానం చేయించకముందే తేదీ కనబడేలా ఫోటోలు తీసి, డాక్టర్‌కు చూపించి కాగితం మీద రాయించుకోవాలి.

మా దాంట్లో లైంగిక వేధింపుల అనుమానం ఏమీ లేదు, కానీ ఆ వారం అంతా చదివిన వాటిలో ఇది అందరికీ తెలియాలి. అలాంటి అనుమానం ఉంటే డేకేర్ వాళ్లతో మాట్లాడి తేల్చుకోకూడదు, నేరుగా పోలీసులకు చెప్పాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పి తీరాలి, స్కూలైనా డేకేరైనా దాస్తే అదే ఒక నేరం. పిల్లల వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు, ఇవన్నీ చట్టంలో ఉన్నాయి. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది, పోలీసు, వైద్య, న్యాయ సాయం ఒకే చోట దొరుకుతుంది. ఇంత ఉన్నా 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో ఇద్దరు చిన్నపాపల తల్లిదండ్రుల్ని ఎఫ్‌ఐఆర్ కోసం స్టేషన్‌లో గంటల తరబడి కూర్చోబెట్టారు, తర్వాత జనం కోపంతో రైలు పట్టాల మీదికి వచ్చారు. అందుకే ఒంటరిగా వెళ్లకండి, తోడు తీసుకుని వెళ్లండి, ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు తీసుకోండి.

మేం 1098కి ఫోన్ చేశాం. అది పిల్లల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. వివరాలు ఓపిగ్గా రాసుకున్నారు, కొన్ని రోజులకు జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఇద్దరు వచ్చి డేకేర్ చూసి వెళ్లారు. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది, పిల్లల్ని చూసుకునే బాధ్యత ఉన్న సంస్థవాళ్లే హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. మా కేసు అందులోకి వస్తుందో రాదో అధికారులు తేలుస్తారు. డబ్బు సంగతి వేరు, డిపాజిట్ తిరిగి ఇవ్వనన్నారు, నెల ముందు నోటీసు ఇవ్వలేదట మేము. అది సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌లో వేశాం. లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, సేవకు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇక పేరెంట్స్ గ్రూప్. జరిగింది ఉన్నదున్నట్టు రాసి పెట్టాను. గంటసేపు ఒక్కరూ మాట్లాడలేదు, తర్వాత ఒకాయన "ఇలాంటివి గ్రూప్‌లో వద్దండీ, స్టాఫ్ డిస్టర్బ్ అవుతారు" అన్నారు. బాధనిపించింది, కానీ వాళ్ల భయమూ అర్థమైంది, నెల మధ్యలో పిల్లల్ని ఎక్కడ పెట్టుకుంటారు, రేపు ఆఫీసుకు ఎలా వెళ్తారు. రాత్రికి ముగ్గురు తల్లులు విడిగా ఫోన్ చేశారు. ఒకామె పాప ఒకరోజు బాత్రూమ్‌లో ఉండగా బయట గడియ పడిపోయిందట, అదీ ఆమెకు ఆయమ్మ ద్వారానే తెలిసింది. నాలుగు కుటుంబాలం కలిసి సంతకాలు పెట్టి ఒక ఉత్తరం ఇచ్చాం, గేటుకు పిల్లలకు అందని ఎత్తులో గడియ, పడుకునే టైమ్‌లో ఇద్దరు మనుషులు, ఏం జరిగినా ఆ గంటలోనే తల్లిదండ్రులకు ఫోన్ అని. పై గడియ మూడో రోజే పెట్టించారు. మిగతా రెండిటికీ ఇప్పటిదాకా జవాబు లేదు.

బాబును అప్పటికే తీసేశాం. నెల రోజులు మా అమ్మ వచ్చి ఉంది, ఆ నెలంతా నేను లంచ్ టైమ్‌లో డేకేర్‌లు చూస్తూ తిరిగాను. చెప్పకుండా, మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లాను, గోడల మీద బొమ్మలు చూడకుండా గేటు గడియ, మెట్ల దగ్గర అడ్డం, నీళ్ల డ్రమ్ముల మూతలు, పడుకున్న పిల్లల పక్కన మేలుకుని ఉన్న మనుషులు ఎంతమందో చూశాను. ప్రతిచోటా ఒకే ప్రశ్న అడిగాను: "మీ దగ్గర చివరిసారి ఏ పిల్లకి దెబ్బ తగిలింది, అప్పుడు ఏం చేశారు?" మా దగ్గర అలాంటివి జరగవండీ అన్న చోటు నుంచి లేచి వచ్చేశాను. చందానగర్‌లో ఒక పెద్దావిడ మాత్రం గీతల నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది, తేదీ, టైమ్, ఏ పిల్ల, ఏమైంది, తల్లికి ఎన్నింటికి ఫోన్ చేశారు, అన్నీ చేత్తో రాసి ఉన్నాయి. అక్కడ యాప్ లేదు, ఏసీ ఒక్క గదిలోనే ఉంది, మాకు ఇరవై నిమిషాలు దూరం ఎక్కువ.

అక్కడే చేర్పించాం. రెండో వారంలో ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది, పేరు చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. "ఏం లేదమ్మా, జారుడుబల్ల దగ్గర పడి మోకాలు కొంచెం గీరుకుపోయింది, కడిగి మందు రాశాను, ఇప్పుడు అరటిపండు తింటున్నాడు, నువ్వు రానక్కర్లేదు, కానీ నీకు తెలియాలి కదా" అంది. టైమ్ చూశాను, 11:20. సాయంత్రం వెళ్లి నోట్‌బుక్ అడిగితే పడిన టైమ్ 11:12 అని రాసి ఉంది, పక్కన నా సంతకం కోసం గీత గీసి ఉంచింది.