ట్రామా థెరపీ: ఏ పద్ధతి, ఎలాంటి థెరపిస్ట్ మేలు?

ట్రామాకు, అంటే భయంకరమైన ఘటన మనసులో మిగిల్చిన గాయానికి, వైద్యం చేసే థెరపిస్ట్‌లు తమ గురించి చెప్పుకునేటప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "నేనూ ఆ బాధ పడి బయటపడ్డదాన్నే, మీ కష్టం నాకు తెలుసు" అనేది ఒకటి. ఫలానా ఫలానా పద్ధతుల్లో శిక్షణ తీసుకున్నానంటూ సీపీటీ, పీఈ, ఈఎండీఆర్ అని పొడి అక్షరాలు పేర్చేది రెండోది. మొదటిది వింటే మనసు కరుగుతుంది. రెండోది వింటే ఏమీ అర్థం కాదు. అయినా నా ఓటు ఆ పొడి అక్షరాలకే.

సొంతంగా దెబ్బతిన్న మనిషికి ఎదుటివాళ్ల మీద జాలి, ఓపిక ఉంటాయి, కాదనను. కానీ పీడకలలతో నిద్ర పట్టని మనిషిని ఆ జ్ఞాపకంలోకి తీసుకెళ్లి క్షేమంగా వెనక్కి తీసుకురావడం నేర్చుకోవాల్సిన పని. దానికి చదువు కావాలి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులు చూసి ఉండాలి. పైగా క్లయింట్ కథ తన కథకు దగ్గరగా ఉంటే థెరపిస్టే బెదిరి మాట మార్చేయవచ్చు, లేదా తనకు పనిచేసిన దారే అందరికీ పనిచేస్తుందనుకోవచ్చు. రెండూ ఉన్న థెరపిస్ట్ దొరికితే అదృష్టమే. ఒక్కటే దొరికితే శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

ఇక పద్ధతుల సంగతి. పీఈ అంటే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్ట్ తీర్చిదిద్దింది. తప్పించుకునే కొద్దీ భయం ముదురుతుందన్నది దీని మూలసూత్రం. ఒక్కో సెషన్ గంటన్నర దాకా ఉంటుంది, మొత్తం 8 నుంచి 15 సెషన్లు. రోడ్డు ప్రమాదంలో చావు తప్పించుకున్న మనిషి అనుకుందాం. కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంటారు: "లారీ ఎదురొస్తోంది, హారన్ మోగుతోంది, నా కాలు బ్రేక్ మీద ఉంది..." మధ్యమధ్య థెరపిస్ట్ ఆపకుండానే "ఇప్పుడు బాధ ఎంత?" అని అడుగుతారు, సున్నా నుంచి వందలో ఒక అంకె చెప్పాలి. అదంతా రికార్డ్ చేసి ఇస్తారు, ఇంటి దగ్గర రోజూ వినాలి. దాంతోపాటు తప్పించుకు తిరుగుతున్న వాటి జాబితా రాసుకుని, తక్కువ భయం ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేయాలి. ముందు ఆగి ఉన్న కారులో కూర్చోవడం, చివరికి అదే రోడ్డు మీద వెళ్లడం. కష్టమైన వైద్యం, దాచడానికేం లేదు.

సీపీటీ, అంటే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ప్యాట్రీషియా రెసిక్ రూపొందించింది. మామూలుగా 12 సెషన్లు. భయం కంటే అపరాధభావం, సిగ్గు ఎక్కువగా తినేస్తున్నవాళ్లకు ఇది బాగా నప్పుతుందని నా అభిప్రాయం. "నేను ఆ రోజు గట్టిగా అరిచి ఉంటే ఇది జరిగేదే కాదు" అనే మాట ఏళ్ల తరబడి తలలో తిరుగుతూ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాయిస్తారు. "మీ తప్పేం లేదమ్మా" అని ఓదార్చి వదిలేయరు, ఆ మాట చుట్టాలందరూ అనే ఉంటారు, అది పనిచేయలేదు కాబట్టే ఇక్కడికి వచ్చారు. ఆ క్షణంలో మీకు ఏం తెలుసు, ఏం తెలియదు, అరిస్తే ఏమయ్యేది, ఇప్పుడు తెలిసినదంతా అప్పుడే తెలిసినట్టు ఎందుకు లెక్క వేస్తున్నారు అని ఓపిగ్గా ప్రశ్నలు అడుగుతూ పోతారు. జవాబు క్లయింట్ నోటి నుంచే రావాలి. జరిగినదంతా వివరంగా చెప్పడం ఇందులో తప్పనిసరి కాదు, కానీ హోంవర్క్ మాత్రం చాలా ఉంటుంది.

ఈఎండీఆర్, అంటే ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. దీనికి అమెరికన్ సైకాలజిస్ట్ ఫ్రాన్సీన్ షపీరో 1987లో బీజం వేశారు, మొదటి పరిశోధనా వ్యాసం 1989లో వచ్చింది. మొత్తం ఎనిమిది దశలు. చెడ్డ జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని, థెరపిస్ట్ అటూ ఇటూ ఆడించే వేళ్లను కళ్లతో వెంబడించాలి. కాసేపయ్యాక ఆపి "ఇప్పుడేం వస్తోంది?" అని అడిగి, మళ్లీ మొదలుపెడతారు. జరిగింది గడగడా చెప్పాల్సిన పని లేదు, హోంవర్క్ దాదాపు ఉండదు. చూసేవాళ్లకు మాత్రం ఇదేదో గారడీలా ఉంటుంది! ఫలితం ఉందన్నది నిజం. కళ్ల కదలిక వల్లే ఉందా అన్నది మాత్రం నిపుణుల మధ్య ఇంకా తేలని తగువు. ఒకేసారి రెండు పనులు చేస్తే మెదడుకు జ్ఞాపకాన్ని అంత స్పష్టంగా నిలుపుకునే చోటు మిగలదని, దాంతో దాని పదును తగ్గుతుందని ఒక వివరణ ఉంది. నాకు అది నమ్మదగినదిగానే అనిపిస్తుంది.

మరి ఏది మేలు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), ఈఎండీఆర్‌ను రెండింటినీ సిఫార్సు చేసింది. పీఈ, సీపీటీ ఆ సీబీటీ కుటుంబానివే. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో పీఈ, సీపీటీలకు గట్టి సిఫార్సు ఇచ్చి, ఈఎండీఆర్‌కు ఒక మెట్టు తక్కువ ఇచ్చింది. 2022లో అచ్చయిన ఒక అధ్యయనంలో 916 మంది అమెరికన్ మాజీ సైనికుల మీద పీఈని, సీపీటీని నేరుగా పోల్చి చూశారు. పీఈ కొంచెం ముందుంది, కానీ రోగికి తెలిసేంత తేడా కాదు. అసలు చూడాల్సిన అంకె వేరే ఉంది: పీఈలో సగానికి పైగా, సీపీటీలో సగానికి కాస్త తక్కువ మంది మధ్యలో మానేశారు. అందుకే ఏది గొప్పది అని తలబాదుకోవడం కంటే, ఏది చివరిదాకా చేయగలను అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవడం తెలివైన పని. రోడ్డెక్కాలంటేనే వణుకు వచ్చేవాళ్లకు పీఈ, తమను తామే నిందించుకునేవాళ్లకు సీపీటీ, నోరు విప్పడమే కష్టంగా ఉన్నవాళ్లకు ఈఎండీఆర్.

పీటర్ లెవీన్ మొదలుపెట్టిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ లాంటి శరీర ఆధారిత పద్ధతులకు పై మూడింటికి ఉన్నంత రుజువులు లేవు. తోడుగా ఉంటే సరే, మొదటి ఎంపికగా నేనైతే చెప్పను. ఘటన జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి కథంతా చెప్పించే ఒక్క సెషన్ డీబ్రీఫింగ్ అసలు వద్దు. దానివల్ల మేలు కనిపించలేదు, కొందరికి కీడే జరిగింది.

చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి హింస పడ్డవాళ్ల విషయంలో వాదన ఇంకాస్త ముదురుతుంది. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా, ఇలాంటివాళ్లలో తరచూ కనిపించే సమస్యకు కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని వేరే పేరే పెట్టింది (పీటీఎస్‌డీ అంటే ట్రామా తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య). ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, ఆ తర్వాత బతుకుతో మళ్లీ కలవడం అని సైకియాట్రిస్ట్ జూడిత్ హెర్మన్ చెప్పిన మూడు దశల దారి ఒకటి. మొదటి దశను సాగదీయడం అనవసరం, నేరుగా జ్ఞాపకం మీదే పనిచేయొచ్చన్నది రెండోది. ఇంట్లో ఇంకా దెబ్బలు తింటున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ముందు భద్రతే, అందులో సందేహం లేదు. ఆ పరిస్థితి లేనప్పుడు మాత్రం నెలల తరబడి శ్వాస వ్యాయామాలతోనే గడిపేస్తుంటే "అసలు పని ఎప్పుడు మొదలుపెడతాం?" అని అడగండి.

మొదటి రోజే ఇంకో ప్రశ్న కూడా అడగొచ్చు: "నేను బాగుపడుతున్నానో లేదో ఎలా కొలుస్తారు?" పీసీఎల్-5 అని పీటీఎస్‌డీ లక్షణాలు కొలిచే 20 ప్రశ్నల పత్రం ఉంది, 80కి స్కోరు, ఎక్కువైతే బాధ ఎక్కువని అర్థం. ఇలాంటిదేదో ఒకటి ఇచ్చి, కొన్ని వారాలకోసారి మళ్లీ నింపించే థెరపిస్ట్ అయితే మంచిదే. సగం సెషన్లు అయ్యాక కూడా ఆ అంకె తగ్గకపోతే పద్ధతి మారుద్దామని మీరే అడగండి, మొహమాటపడకండి. మంచి థెరపిస్ట్ అయితే ఆ మాట మీకంటే ముందే తెస్తారు.