సెలైన్ ఇంప్లాంటా, సిలికాన్ ఇంప్లాంటా: స్కూబా డైవింగ్ చేసే స్త్రీలకు ఏది నయం?

రొమ్ములో అమర్చిన ఇంప్లాంట్లు సముద్రం లోతుల్లో పేలిపోతాయన్న భయాన్ని ముందు వదిలేయండి. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరిగే మాట నిజమే. కానీ సెలైన్ ఇంప్లాంటులో ఉండే ఉప్పునీరూ, సిలికాన్ ఇంప్లాంటులో ఉండే జెల్లూ గాలిలా కుంచించుకుపోవు. 1988లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంప్లాంట్లను పీడన గదిలో పెట్టి పరీక్షిస్తే లోపల బుడగలు వచ్చాయి, పరిమాణం మాత్రం 1 నుంచి 4 శాతమే పెరిగింది.

నీటిలో బరువు: సెలైన్ మునగదు, తేలదు. సిలికాన్ కాస్త బరువు. నీటిలో దిగడానికి నడుము బెల్టుకు తగిలించుకునే బరువులు సరిచూసుకోవాలి.

బుడగలు: లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి, పైకి వచ్చేటప్పుడు బుడగలు కావచ్చు. అది ఉప్పునీటిలో కన్నా జెల్‌లో ఎక్కువ కరుగుతుంది. ఇక్కడ సెలైన్‌దే పైచేయి.

చిరిగితే: సెలైన్ కుంగి వెంటనే తెలుస్తుంది, ఆ నీటిని శరీరం పీల్చుకుంటుంది. సిలికాన్ చిరుగు బయటికి కనిపించకపోవచ్చు. అందుకే కొన్నేళ్లకోసారి స్కానింగ్ అవసరం, ఆ ఖర్చు అదనం.

స్పర్శ: సిలికాన్ సహజంగా ఉంటుంది.

నన్నడిగితే అసలు ప్రమాదం ఇంప్లాంటు రకంలో లేదు, తొందరలో ఉంది. కుట్లు పూర్తిగా మానకముందే, సర్జన్ అనుమతి లేకుండా, ఛాతీని నొక్కే పట్టీలతో బరువైన సిలిండర్ మోయకండి. అండమాన్‌లో వరుసగా డైవ్‌లు చేస్తే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పోయేలా తిరుగు విమానానికి ముందు కనీసం 18 గంటలు ఆగండి. ఇది ఇంప్లాంట్లు లేనివారికీ వర్తించే నియమమే.

తరచూ లోతుకు దిగేవారు ఇంకా శస్త్రచికిత్స చేయించుకోకపోతే సెలైన్ ఎంచుకోవచ్చు. ఏడాదికోసారి సరదాగా దిగేవారికి సిలికాన్ అడ్డు కాదు. ఇప్పటికే సిలికాన్ ఉన్నవారు డైవింగ్ కోసం దాన్ని మార్పించుకోనక్కర లేదు.