అప్పు తెచ్చి కొన్న బలమా, సంపాదించుకున్న బలమా: ఏది మేలు?

మా బావ కంచన్‌బాగ్‌లో క్షిపణుల మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం వచ్చిందంటే మా ఇద్దరికీ ఇదే వాదన. "బలం లేనోడి దండం ఎవడు తీసుకుంటడు?" అంటాడు. తీసిపారేసే మాట కాదది. 1954లో చైనాతో పంచశీల అనే శాంతి ఒప్పందం రాసుకున్నాం, 1962లో యుద్ధం మీద పడింది. 2020లో గల్వాన్‌లో 20 మందిని పోగొట్టుకున్నాం. వాళ్లలో మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

సైన్యం ఉండాల్సిందే. అప్పు మీద నడిపే సైన్యం గురించే నా బాధంతా. దాని సంగతి మన హైదరాబాద్‌ను అడగాలి.

1798లో నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకుని, తన ఫ్రెంచి దళాలను వదులుకున్నాడు. ఆ తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో సైన్యం నెత్తిన పడింది. అధికారులు ఆంగ్లేయులు, ఖర్చు నిజాంది. ఖజానా చాలక హైదరాబాద్‌లో వడ్డీ వ్యాపారం చేసే పామర్ కంపెనీ దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి తెచ్చి మరీ సిపాయిలకు జీతాలిచ్చారు. బాకీలు తీరలేదు. 1853లో పత్తి పండే బేరార్‌ను (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు) ఆంగ్లేయుల చేతిలో పెట్టాల్సి వచ్చింది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని నిజాం దివాన్ సాలార్‌జంగ్ ఎంతో తండ్లాడాడు, 1876లో ఇంగ్లండ్ కూడా వెళ్లాడు. ఇవ్వలేదు. 1902లో ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నారు. ఒక్క యుద్ధంలోనూ ఓడకుండానే బేరార్ పోయింది. ఆ కంటింజెంట్ మకాం వేసిన బొల్లారం కంటోన్మెంట్ వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

రెండో దారి చూపించిందీ మన తెలంగాణ మనిషే. 1991లో దేశం 47 టన్నుల బంగారం కుదువ పెట్టిన రోజుల్లో పీవీ నరసింహారావు పగ్గాలు పట్టారు. ఒకపక్క వ్యాపారానికి తలుపులు తెరిచారు, ఇంకోపక్క 1993లో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం కుదుర్చుకున్నారు. గల్వాన్ దాకా, అంటే దాదాపు 27 ఏళ్లు, ఆ సరిహద్దులో ఘర్షణల్లో ప్రాణం పోలేదు. సంతకానికి అంత విలువుంది. అది ఎల్లకాలం కాపాడదన్నదీ నిజమే.

ఈమధ్య లెక్క ఒకటి చూడండి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు, వడ్డీలకు 12.76 లక్షల కోట్లు. తుపాకీకి పెట్టేదానికి దాదాపు రెండింతలు పాత బాకీల వడ్డీకే కేటాయించారు. ఇంకా అప్పు చేసి ఆయుధాలు కొంటే ఆ వడ్డీ రేపు కోసుకునేది జవాన్ల జీతాల్లోంచే.

అందుకే నా ఓటు ముందు సంపాదనకు, మాటామంతీకి. ఆయుధాలు వచ్చిన పన్నుల్లోంచి కొనాలి.

"యుద్ధం గడప దాకా వచ్చినంక సంపాదిస్తవా?" అన్నాడు బావ మొన్న.

"అప్పుడు అప్పు చేద్దాం బావా, తప్పదు. కానీ ఇప్పుడే పీకల దాకా మునిగినోడికి ఆ రోజు అప్పు ఎవడిస్తాడు?"

బావ చాలాసేపు ఏమీ అనలేదు.