మొదటి బైకు: 125 సీసీ మేలా, 400 సీసీ మేలా?
బండి నేర్చుకునే తొలి నెలల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బండి బరువు. 125 సీసీ బైకులు సాధారణంగా 110 నుంచి 145 కిలోల మధ్య ఉంటాయి. 400 సీసీవి చాలావరకు 160 నుంచి 200 కిలోలు తూగుతాయి. నేరుగా సాగిపోతున్నంతసేపూ ఈ తేడా అంతగా తెలియదు గానీ, ఇరుకు చోట యూటర్న్ తీసుకుంటుండగా ఇంజిన్ ఆగిపోయి బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం బాగా తెలిసివస్తుంది. తేలిక బండిని కాలు ఆనించి నిలబెట్టుకోవచ్చు. బరువైన బండి ఒక హద్దు దాటి ఒరిగాక ఆపబోతే కాలు దాని కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది.

హాఫ్ క్లచ్ (క్లచ్‌ను సగం వదిలి బండిని మెల్లగా కదిలించడం) చేతికి అలవాటయ్యే వరకు పొరపాట్లు తప్పవు. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే చిన్న ఇంజిన్ చాలాసార్లు కుదుపుతో ఆగిపోతుంది. అదే పొరపాటుకు పెద్ద ఇంజిన్ బండిని ముందుకు ఉరికించవచ్చు. ఆ ఉరుకుకు మనిషి వెనక్కి తూలి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే, కుడిచేతిలోని యాక్సిలరేటర్ మరింత తిరుగుతుంది. నేను 125 సీసీ వైపే మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

అయితే పెద్ద బండికి రెండు మేళ్లు ఉన్నాయి. హైవేపై గంటకు 80 కిలోమీటర్ల వేగంలో లారీని దాటవలసి వస్తే 125 సీసీలో మిగిలే శక్తి బహు తక్కువ. రెండోది ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు; 400 సీసీ బండ్లకు ఇది సాధారణంగా ఉంటుంది. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. భయంతో దాన్ని ఒక్కసారిగా నొక్కితే చక్రం బిగుసుకుపోయి జారుతుంది, దానిని ఏబీఎస్ చాలావరకు అడ్డుకుంటుంది. 125 సీసీలో ఏబీఎస్ ఉన్న బండి దొరికితే దానికోసం కొంత ఎక్కువ పెట్టినా తప్పులేదు.

రోజూ హైవే మీదే వెళ్లవలసినవారు, శిక్షణ పూర్తిచేసుకుని, కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనుతున్నట్లయితే, సింగిల్ సిలిండర్ 400 సీసీ తీసుకోవచ్చు. మిగిలినవారికి వాడిన 125 సీసీ మేలు, ఎందుకంటే నేర్చుకునేటప్పుడు పడే గీతలూ సొట్టలూ దాని మీద పడితే మనసుకు అంత కష్టం అనిపించదు. కొనేముందు హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో, ముందు ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాల) నుంచి ఆయిల్ కారుతోందేమో, టైర్లు పగుళ్లు బారాయేమో తెలిసిన మెకానిక్‌తో చూపించుకోవాలి.