ఉరిశిక్ష అప్పీలులో డీఎన్‌ఏ: మళ్లీ పరీక్ష అడగడమా, పాత రిపోర్టును తవ్వడమా?

ఉరిశిక్ష పడ్డ కేసు అప్పీలుకు వచ్చినప్పుడు డీఎన్‌ఏ విషయంలో ముద్దాయి వకీలుకు రెండు దారులుంటాయి. దాచిన నమూనాలను మళ్లీ పరీక్షించమనడం ఒకటి. ఫైల్లో ఉన్న రిపోర్టునే పట్టుకుని, ఆ నమూనా ల్యాబు దాకా ఎలా చేరిందో తవ్వడం రెండోది.

మొదటి దారికి పేరు తెచ్చింది అమెరికా. మేరీలాండ్‌లో 1985లో కిర్క్ బ్లడ్స్‌వర్త్‌కు మరణశిక్ష పడింది. రెండో విచారణలో అది యావజ్జీవంగా మారింది. బట్ట మీది వీర్యపు మరక అతనిది కాదని పరీక్షలో తేలి 1993లో బయటికొచ్చాడు. ఆ మరకకు విచారణ నాటికి డీఎన్‌ఏ పరీక్షే జరగలేదు, అందుకే కొత్త పరీక్ష కొత్త విషయం చెప్పింది. మీ కేసులో రిపోర్టు ఇప్పటికే ఉంటే లెక్క వేరు.

అది రెండువైపులా పదునున్న కత్తి కూడా. వర్జీనియాలో 1992లో రోజర్ కోల్‌మన్‌ను చంపేశాక, 2006లో చేసిన పరీక్ష అతనే నేరస్తుడని చూపించింది. టెక్సస్‌లో 2000లో క్లాడ్ జోన్స్‌కు శిక్ష అమలైంది. అతనిదన్న వెంట్రుక హతుడిదేనని మైటోకాండ్రియల్ పరీక్ష (తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏను చూసేది) 2010లో చెప్పింది. పైగా అమెరికాలోనూ ఈ పరీక్ష రాజ్యాంగ హక్కు కాదని అక్కడి సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది. ఏ రాష్ట్ర చట్టం ఎంత ఇస్తే అంత.

మన దగ్గర మళ్లీ పరీక్ష అడగడానికి తలుపు లేకపోలేదు. ఉరిశిక్ష ఖరారు కోసం హైకోర్టుకు వచ్చిన కేసులో అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 408 సెక్షన్ ఇస్తుంది (పాత 367). అప్పీలు కోర్టులకు 432 (పాత 391) ఉంది. చిక్కంతా నమూనాతోనే. మామూలు ఎస్‌టీఆర్ కిట్‌కు (మనిషి మనిషికీ మారే డీఎన్‌ఏ గుర్తులను పోల్చే పరీక్ష ఇది) సుమారు ఒక నానోగ్రాము డీఎన్‌ఏ కావాలి, అంటే నూటయాభై పైచిలుకు కణాలు. అంతకు తక్కువైనా నడుస్తుంది కానీ కొన్ని గుర్తులు పడవు. తడి బట్టను ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంటే బూజు దాన్ని తినేసి ఉంటుంది. నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలన్న చిన్న పని చాలాచోట్ల జరగదు. ఫార్మలిన్‌లో ముంచిన కణజాలంలో డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది. ఇక చేతులు తగలడం. మిస్సోరీలో 2024లో శిక్ష అమలైన మార్సెలస్ విలియమ్స్ కేసులో కత్తిపిడి మీద దొరికిన డీఎన్‌ఏ, గ్లోవ్స్ లేకుండా దాన్ని పట్టుకున్న ప్రాసిక్యూషన్ వాళ్లదని తేలింది. ఆశ పెట్టుకున్న వస్తువు అక్కడితో పనికిరాకుండా పోయింది.

రెండో దారిలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. 2022లో ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో సుప్రీంకోర్టు ముగ్గురి ఉరిశిక్షను కొట్టేసింది. అక్కడ 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27న గానీ ల్యాబుకు వెళ్లలేదు, మధ్యలో మాల్‌ఖానాలోనే (స్టేషన్‌లో స్వాధీన వస్తువులు దాచే గది) ఉన్నాయి. డీఎన్‌ఏ సరిపోయిందని రిపోర్టు ఏ ఆధారంతో చెప్పిందో కింది కోర్టులు చూడలేదని కూడా కోర్టు అంది. 2025 జూలైలో తమిళనాడు కట్టవెల్లై కేసులోనూ ఉరిశిక్ష పడ్డ వ్యక్తిని విడిచిపెడుతూ, నమూనా 48 గంటల్లో ల్యాబుకు చేరాలనీ, ప్రతి చేతిమార్పూ ఒక రిజిస్టరులో ఎక్కాలనీ, కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదనీ ఆదేశించింది.

పాత కేసుల్లో ఆ రిజిస్టరు ఉండదు. అప్పుడు స్వాధీనపు పంచనామా, మాల్‌ఖానా రిజిస్టరు, ల్యాబుకు పంపిన లెటర్ ఆఫ్ అడ్వైస్ (నమూనాలతో పాటు వెళ్లే లేఖ), ల్యాబు ముట్టినట్టిచ్చిన తేదీ, నమూనా సీలు అచ్చు, ఈ ఐదూ వరసగా పేర్చి చూడాలి. రోజులు ఎక్కడ మాయమయ్యాయో అక్కడే కళ్లకు కడుతుంది. తర్వాత రిపోర్టులోకి దిగాలి. ‘సరిపోయింది’ అని ఒక్క ముక్క రాసి, అలా కాకతాళీయంగా సరిపోయే అవకాశం ఎంతో చెప్పకపోతే గట్టిగా అడగాలి. పరీక్ష వై-ఎస్‌టీఆర్ (తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోమునే చూసేది) అయితే ముద్దాయి తండ్రి, అన్నదమ్ములు, పెదనాన్న చిన్నాన్నల కొడుకులు, సాధారణంగా అందరికీ అదే గుర్తు వస్తుంది. ఒకే ఇంటి మగవాళ్లలో అసలు దోషి ఎవరన్నది అది తేల్చలేదు. ల్యాబు యంత్రం గీసిన డీఎన్‌ఏ గ్రాఫుల అసలు కాపీ తెప్పించడం మరిచిపోకండి. ప్రభుత్వ ల్యాబు రిపోర్టు సంతకం చేసినవాళ్లను పిలవకుండానే చదివించుకోవచ్చని అదే సంహిత 329 సెక్షన్ (పాత 293) అంటుంది కాబట్టి, ఆ నిపుణుణ్ణి ఎవరూ ప్రశ్నించని కేసులు తగులుతాయి.

అయితే నమూనా చేతులు మారిన గొలుసు గట్టిగా ఉంటే ఈ దాడి నిలవదు. 2017 నిర్భయ తీర్పులో డీఎన్‌ఏ రిపోర్టులను సుప్రీంకోర్టు పూర్తిగా నమ్మింది.

నా మొగ్గు రెండో దారికే. మళ్లీ పరీక్ష కోరాల్సింది రెండు సందర్భాల్లోనే: విచారణలో అసలు డీఎన్‌ఏ చూడకపోతే, లేదా అప్పటి పరీక్ష వై-ఎస్‌టీఆర్ మాత్రమే అయి ఇంకా పదార్థం మిగిలి ఉంటే. అడిగే ముందు క్లయింటుతో కూర్చుని, ఫలితం ఎదురు తిరిగితే ఏమవుతుందో విప్పి చెప్పి, లిఖితపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఎంత మిగిలిందో ల్యాబు నుంచి రాతలో తెచ్చుకుని, సగం దాచిపెట్టమని పిటిషన్‌లోనే అడగాలి.