డీజిల్ ట్యాంక్ క్లీనింగ్ సర్వీసు: కడగడానికి మూడున్నర, కొలవడానికి ఐదు

మెరీనాకే, అంటే బోట్లు కట్టేసే రేవుకే, వచ్చి సెయిల్‌బోట్ డీజిల్ ట్యాంక్ శుభ్రం చేసి వెళ్ళే సర్వీసు గురించి రాస్తున్నాను. మేరీలాండ్‌లో అనాపొలిస్ దగ్గర మేం పిలిచింది ఇద్దరు మనుషులు నడుపుకునే చిన్న కంపెనీని. శుభ్రం చేసిన పనికి ఐదుకి మూడున్నర ఇస్తాను. పనిలో పనిగా ట్యాంక్ కొలిచి ఇచ్చినందుకు మాత్రం ఐదుకి ఐదు. తమాషా ఏమిటంటే ఈ కొలిచే పని వాళ్ళ ధరల పట్టికలోనే లేదు. అడిగితేనే చేస్తారు.

మా బోట్ ముప్ఫై అడుగులది, 1980ల నాటిది, ఇంజిన్ 27 హార్స్‌పవర్. బోట్ కాగితాల్లో డీజిల్ ట్యాంక్ 20 గ్యాలన్లని ఉంటుంది. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు కాబట్టి 76 లీటర్లకి కాస్త తక్కువ. 2600 ఆర్‌పీఎమ్ దగ్గర గంటకి 0.6 గ్యాలన్ తాగుతుంది. ఇది కాగితాల్లోని మాట కాదు, ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్‌నీ డీజిల్ రసీదుల్నీ పక్కపక్కన పెట్టి నేను తీసిన లెక్క. నాది అకౌంట్స్ ఉద్యోగం, ఇలాంటివి చూడకుండా ఉండలేను. మా ఆయనకి ఇదంతా చాదస్తం. "తెరచాప ఉండగా డీజిల్ గొడవెందుకు నీకు" అంటారు. జూలైలో మా చెసపీక్ బే (సముద్రపు ఖాతం) మీద ఒక్కోసారి మధ్యాహ్నం దాకా గాలి ఊసే ఉండదు, సాయంత్రానికి ఉరుములతో వాన విరుచుకుపడుతుంది. అప్పుడు ఒడ్డుకి చేర్చేది తెరచాప కాదు.

ఫిల్టర్లు త్వరత్వరగా మూసుకుపోతుంటే ఈ సర్వీసుని పిలిచాం. ట్రక్కు పార్కింగ్‌లో పెట్టి, పంపూ వరుసగా మూడు ఫిల్టర్లూ బిగించిన ట్రాలీని డాక్ మీదికి తోసుకొచ్చారు. ఫిల్టర్లు 30 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), 10 మైక్రాన్లది, చివర 2 మైక్రాన్లది. పాత డీజిల్ అడుగున నీళ్ళు చేరతాయి, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి మడ్డి కడుతుంది. మొదటి ఫిల్టర్ గిన్నెలో ఆ మడ్డి చూశాక మా ఆయన కూడా నోరెత్తలేదు.

ట్రాలీ మీద ఫ్లో మీటర్ కనిపించింది. ఎన్ని గ్యాలన్లు వెళ్ళిందీ పదోవంతులతో సహా చూపిస్తుంది. "డీజిల్ ఎలాగూ మొత్తం బయటికి తీస్తారు కదా, కొలుస్తూ తీసి, కొలుస్తూ తిరిగి పోస్తారా?" అని అడిగాను. ఇద్దరిలో పెద్దాయన గంటకి విడిగా తీసుకుంటానని ఒప్పుకున్నాడు. ఈ సర్వీసులో నేను పెట్టిన ప్రతి డాలరూ వసూలైంది ఆ గంటలోనే.

ముందు మామూలుగా ఇంజిన్‌కి వెళ్ళే పికప్ పైపుకే పంపు తగిలించి, గాలి పీల్చేదాకా లాగించాం. ఇంజిన్ దృష్టిలో ట్యాంక్ ఖాళీ అయినట్టే. తర్వాత పైన మూత తీసి, అడుగున మిగిలింది విడిగా తోడించాం. మీటర్ 1.75 గ్యాలన్లు చూపించింది, ఆరున్నర లీటర్ల పైమాట. మడ్డీ నీళ్ళూ ఇంజిన్‌లోకి పోకుండా పికప్ పైపుని అడుగుకి ఓ అంగుళం పైనే ఆపుతారని తెలుసు. కానీ ఇంత మిగలడానికి ఇంకో కారణం ఉంది. మా ట్యాంక్ అడుగు బోట్ అడుగుతో పాటే వెనక్కి వాలి ఉంటుంది. పైపేమో ముందువైపు దిగింది. దాని కింద ఉన్న అంగుళం డీజిలే కాకుండా వెనక మూలన చేరిందంతా ఇంజిన్‌కి అందదు. ఇంజిన్ మీద వేగంగా వెళ్తే బోట్ వెనకభాగం ఇంకాస్త దిగుతుంది, డీజిల్ ఇంకాస్త వెనక్కి పోతుంది.

శుభ్రం చేసిన డీజిల్‌ని రెండేసి గ్యాలన్ల చొప్పున తిరిగి పోశారు. పోసినప్పుడల్లా ఆపించి, ఒక చెక్క బద్దని ట్యాంక్‌లో ముంచి గీత పెట్టుకున్నాను, గేజ్ ముల్లు ఎక్కడుందో రాసుకున్నాను. మిగతాది ఫ్యూయల్ డాక్‌లో, అంటే బోట్లకి డీజిల్ పోసే చోట, పోయించాం. 18.6 దగ్గర, ట్యాంక్‌లోని గాలి బయటికి పోయే వెంట్ గొట్టంలో గురగుర మొదలైంది, అంతకుమించి పట్టలేదు. కాగితం మీద ఉన్న మిగతా 1.4 గ్యాలన్లు ఎక్కడ? ట్యాంక్ బోట్‌లో కొంచెం వాలుగా కూర్చుంది, వెంట్ దాని ఎత్తైన మూలలో లేదు. ఆ మూలలో గాలి చిక్కుకుంటుంది, అక్కడికి డీజిల్ చేరదు. పోనీ 18.6 అయినా నింపొచ్చా అంటే అదీ కుదరదు. పది డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే డీజిల్ దాదాపు 0.8 శాతం వ్యాకోచిస్తుంది. పొద్దున్న చల్లటి డీజిల్ అంచుదాకా పోయించి ఎండలో నిలబెడితే మధ్యాహ్నానికి అర లీటరు వెంట్ లోంచి బేలోకి కారుతుంది. నీటి మీద డీజిల్ పొర తేలితే ఫోన్ చేసి రిపోర్ట్ చేయాలనేది ఇక్కడి చట్టం. అందుకే నా హద్దు 17.5.

గేజ్ సంగతి ఇంకా ఘోరం. అది ఎత్తుని చూపిస్తుంది, పరిమాణాన్ని కాదు. మా ట్యాంక్ కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. ముల్లు సగం దగ్గర ఉన్నప్పుడు లోపల ఉన్నది 7 గ్యాలన్లు. పావు దగ్గరికి వస్తే 2.7. అందులోంచి ఇంజిన్‌కి అందని 1.75 తీసేస్తే గ్యాలన్ కూడా ఉండదు. "ఇంకా పావు ట్యాంక్ ఉంది" అనుకుంటూ వెళ్ళేవాళ్ళకి గంటన్నర ప్రయాణమే మిగిలిందన్నమాట.

ఇదంతా నీళ్ళు కదలని రేవులో కొలిచిన లెక్క. బజాజ్ స్కూటర్ ఆగిపోతే మా నాన్నగారు పక్కకి వంచి, అడుగున ఉన్న చుక్కలతో ఇంకో కిలోమీటరు లాగేవారు. సెయిల్‌బోట్‌లో ఇది తిరగబడుతుంది, వంగినప్పుడే ఉన్నది అందకుండా పోతుంది. మా ట్యాంక్ ఎడమవైపు ఉంది, పైపు లోపలి అంచున దిగింది. తెరచాపతో పాటు ఇంజిన్ కూడా నడుపుతూ ఎడమవైపు ఒరిగితే డీజిల్ బయటి అంచుకి జారుతుంది. థామస్ పాయింట్ లైట్‌హౌస్ అవతల కావాలనే అలా ఒరిగించి చూశాం. బద్ద మీద 4 గ్యాలన్లు ఉండగానే ఫిల్టర్ కింది గాజు గిన్నెలో బుడగలు కనిపించాయి, వెంటనే బోట్‌ని నిటారు చేశాం. డీజిల్ ఇంజిన్ గాలి మింగి ఆగిపోతే మళ్ళీ డీజిల్ అందినంత మాత్రాన స్టార్ట్ కాదు, పైపుల్లో గాలి అంతా బ్లీడ్ చేసి తీయాలి. అలల్లో ఊగుతూ స్పానర్ పట్టుకుని చేసే పని కాదది.

కాబట్టి 17.5 లోంచి 4 తీసేస్తే నమ్ముకోదగ్గది 13.5 గ్యాలన్లు, 51 లీటర్లు. కాగితాల లెక్కన 33 గంటలు నడవాల్సింది 22 గంటల చిల్లరకి దిగింది. ఐదున్నర నాట్ల (గంటకి ఐదున్నర నాటికల్ మైళ్ళ) వేగంతో 183 నాటికల్ మైళ్ళు కాస్తా 124 అయ్యాయి. మా దగ్గర్నించి వర్జీనియాలోని నార్‌ఫోక్ దాకా సుమారు 120, ఆ నాలుగు మైళ్ళ తేడాని నమ్ముకోలేం. గాలి లేకపోతే ఒకే ట్యాంక్‌తో వెళ్ళిపోవచ్చన్న ప్లాన్ అక్కడితో రద్దు, దారిలో సోలమన్స్‌లో ఆగి పోయించుకోవాల్సిందే. ఒక ట్యాంక్‌లో మూడోవంతు ఎప్పుడూ ముట్టుకోకూడదని పాతకాపులు చెప్పేది ఊరికే కాదు.

ఇక ఒకటిన్నర మార్కు ఎందుకు కోశానంటే, ట్యాంక్ లోపల డీజిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డుగోడలు ఉంటాయి. పైన మూత ఒక్కటే కాబట్టి వీళ్ళ గొట్టం ముందు గదికే సరిగ్గా అందింది. వెనక గదిని కదిలిన డీజిల్‌తోనే కడిగి "క్లీన్" అని బిల్లులో రాసేశారు. అక్కడ ఇంకో మూత కోసి పెట్టించుకోమని ముందే చెప్పి ఉండాల్సింది. రెండోది, ఛార్జీ గ్యాలన్ల లెక్కన. ట్యాంక్‌లో 18.6 కంటే పట్టదని తేలాక కూడా 20కే వేశారు. లేని గ్యాలన్లకి డబ్బులేంటని అడిగితే పెద్దాయన నవ్వి, రేటు కాగితాల మీది కెపాసిటీకే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పనితనంలో మాత్రం వంక లేదు. నూనె పీల్చే గుడ్డలు ముందే పరిచారు, ఒక్క చుక్క నీళ్ళలో పడలేదు. వెళ్ళేముందు ఇంజిన్ బ్లీడ్ చేసి, తాళ్ళు గట్టిగా కట్టి, గేర్‌లో అరగంట నడిపి చూపించారు. మీరు ఎవరిని పిలిచినా బుక్ చేసేముందు ఫ్లో మీటర్ తెస్తారా, అడ్డుగోడల అవతల ఎలా కడుగుతారు అని రెండూ అడగండి. ట్యాంక్ పావు కంటే తక్కువ ఉన్నప్పుడు పిలిస్తే తోడే సమయం కలిసొస్తుంది.